గుండె మాత్ర వాడేవారు నొప్పి మాత్ర వేసుకొనే ముందు తెలుసుకోవలసినవి

గుండెపోటు వచ్చి కోలుకొన్నవారు, గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకొన్నవారు, కృత్రిమ కవాటం అమర్చుకొన్నవారు, పక్షవాతం నుంచి బయటపడినవారు నేడు చాలా గ్రామాలలో ఉన్నారు. వీరిలో అధికులు రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రను ప్రతిదినం వాడవలసి ఉంటుంది. సరిగా ఆ వయసులోనే మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, మెడ పట్టివేత కూడా మనిషిని వేధిస్తాయి. గుండె మాత్రను పట్టణంలోని నిపుణుడు పరీక్షలు చేసి రాసి ఇస్తాడు. నొప్పి మాత్రను మాత్రం ఊరి దుకాణంలో అడిగి తెచ్చుకొంటారు. మొదటి మాత్ర రాసిన వైద్యునికి రెండవ మాత్ర సంగతి తెలియదు. రెండవ మాత్ర ఇచ్చిన దుకాణదారునికి మొదటి మాత్ర సంగతి తెలియదు.

సరిహద్దు గ్రామాలలో ఈ దూరం మరింత ఎక్కువ. పావగడవారు బెంగళూరుకు, హోసూరువారు బెంగళూరుకో వేలూరుకో, పర్లాకిమిడివారు బరంపురానికో విశాఖపట్నానికో, సిరోంచవారు వరంగల్లుకో, యానాంవారు కాకినాడకో వెళ్లి చూపించుకొంటారు. తిరిగి వచ్చాక చిన్న నొప్పికి పెద్దాసుపత్రికి ఎవరూ పోలేరు. అందుచేత ఈ రెండు రకాల మాత్రలు శరీరంలో కలిసినప్పుడు ఏమి జరుగుతుందో ఇంట్లో కనీసం ఒక్కరికైనా తెలిసి ఉండటం అవసరం. ఆ వివరాలను వరుసగా ఇక్కడ ఇస్తున్నాము.

రక్తం గడ్డకట్టే విధానం

వేలు తెగినప్పుడు కొద్ది నిమిషాలలో రక్తం ఆగడానికి రెండు వ్యవస్థలు పనిచేస్తాయి. ఒకటి ప్లేట్‌లెట్లు అనే అతి చిన్న రక్తకణాలు. తెగినచోట ఇవి ఒకదానికొకటి అతుక్కొని అడ్డుకట్ట వేస్తాయి. రెండవది రక్తంలోని కొన్ని మాంసకృత్తులు. వీటిలో చాలా భాగం కాలేయంలో తయారవుతాయి. ఇవి చివరకు దారాల వలగా మారి ఆ అడ్డుకట్టను బిగిస్తాయి.

గాయమైనప్పుడు ప్రాణం కాపాడే ఈ ఏర్పాటే, కొవ్వు పేరుకొన్న గుండె రక్తనాళంలో జరిగితే ప్రాణం తీస్తుంది. అక్కడ గడ్డ అడ్డుపడితే గుండెపోటు, మెదడు రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతం వస్తాయి. ఈ గడ్డలను నివారించే మందులనే జనం ‘రక్తం పలుచబరచే మాత్రలు’ అంటారు. నిజానికి వీటివల్ల రక్తం నీళ్లవలె పలుచబడదు. గడ్డకట్టే వేగం మాత్రమే తగ్గుతుంది. కాబట్టి ఈ మాత్ర వేసుకొనేవారికి రక్తం కారడం మొదలైతే ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది.

గుండె మాత్రలలో రెండు తెగలు

మొదటి తెగ మందులు ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికగ్రెలార్ ఈ తెగకు చెందినవి. ఆస్పిరిన్ 75 లేదా 150 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఎకోస్ప్రిన్ వంటి పేర్లతో దొరుకుతుంది. గుండెపోటు తరువాత, స్టెంటు వేసిన తరువాత సాధారణంగా సుమారు ఏడాదిపాటు ఆస్పిరిన్‌తోపాటు మరొక మందును కూడా ఇస్తారు. కొన్నిసార్లు రెండూ ఒకే మాత్రలో ఉంటాయి.

రెండవ తెగ మందులు గడ్డకట్టించే మాంసకృత్తులపై పనిచేస్తాయి. వార్ఫరిన్, అసెనోకుమరాల్ పాతవి. మన దేశంలో కృత్రిమ కవాటం ఉన్న చాలామంది అసిట్రోమ్ పేరుతో దొరికే అసెనోకుమరాల్ వాడుతుంటారు. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ కొత్తవి. గుండె లయ తప్పి కొట్టుకొనేవారికి, కాలి సిరలలో గడ్డలు ఏర్పడినవారికి ఇవి ఇస్తారు.

ఈ మాత్రల విలువ ఎంతటిదో ఒక్క ఉదాహరణ చాలు. గుండెపోటు వచ్చిన 17 వేలకు పైగా రోగులపై అనేక దేశాలలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 1988లో వెలువడ్డాయి. నెల రోజులు చిన్న మోతాదు ఆస్పిరిన్ తీసుకొన్నవారిలో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించే మరణాలు ఐదవ వంతుకు మించి తగ్గాయి. అంత చవకైన మాత్ర చేసే మేలు ఇది. దీనిని చెడగొట్టుకోరాదు.

నొప్పి మాత్రలన్నీ ఒకటి కావు

దుకాణంలో నొప్పికి ఇచ్చే మాత్రలు ప్రధానంగా రెండు కుటుంబాలు.

మొదటిది పారాసెటమాల్. క్రోసిన్, డోలో, కాల్‌పాల్ వంటి పేర్లతో దొరుకుతుంది. నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది. వాపును అంతగా తగ్గించలేదు. మామూలు మోతాదులో ప్లేట్‌లెట్లను, కడుపు పొరను పెద్దగా బాధించదు.

రెండవది వాపును కూడా తగ్గించే మాత్రల కుటుంబం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, పైరాక్సికాం, ఇటోరికాక్సిబ్ ఇందులోనివి. బ్రూఫెన్, వోవెరాన్, జెరోడాల్, నైస్ వంటివి ఈ కుటుంబపు వాడుక పేర్లు. పెద్ద మోతాదులో ఆస్పిరిన్ కూడా ఈ కుటుంబానిదే. తలనొప్పికి నీళ్లలో కరిగించి తాగే డిస్ప్రిన్‌లో ఉండేది ఆస్పిరినే. గుండెకు రోజూ ఆస్పిరిన్ వేసుకొనేవారు తలనొప్పికి అది కూడా తాగితే, అదే మందును మరింత అదనంగా తీసుకొన్నట్లవుతుంది.

ఇక మూడవ రకం మిశ్రమ మాత్రలు. కాంబిఫ్లాంలో పారాసెటమాల్‌తోపాటు 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఉంటుంది. పేరు చివర ‘పి’ అక్షరం చేరిన కొన్ని మాత్రలలో ఎసిక్లోఫెనాక్‌తో పారాసెటమాల్ కలిసి ఉంటుంది. ‘పారాసెటమాల్ ఉన్న మాత్రే కదా’ అనుకొని వీటిని వేసుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఆస్పిరిన్, వాపు తగ్గించే మాత్రలు శరీరంలో ఎలా పనిచేస్తాయో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో కనుగొన్నాడు. 1982లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకొన్నాడు. నొప్పిని, వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఇవి ఆపుతాయని ఆయన నిరూపించాడు. ఆ తయారీ చేసే ఎంజైము ప్లేట్‌లెట్లలోను, కడుపు పొరలోను, మూత్రపిండాలలోను ఉన్నది. కిందచెప్పబోయే ప్రమాదాలన్నిటికీ మూలం ఇదే.

మొదటి ప్రమాదం: గుండె మాత్ర పనిచేయకపోవడం

ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు. కాని ఉన్న కొద్దిసేపటిలోనే ప్లేట్‌లెట్‌లోని ఎంజైమును శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్ ఏడు నుంచి పది రోజులు జీవిస్తుంది. అది జీవించినంతకాలం ఆ ఎంజైము తిరిగి పనిచేయదు. రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడుతూ ఉంటాయి గనుక రోజూ ఒక చిన్న మాత్ర అవసరమవుతుంది.

ఐబుప్రోఫెన్ కూడా అదే చోటికి వెళ్లి అతుక్కొంటుంది. కాని అది తాత్కాలికం. కొన్ని గంటల తరువాత విడిపోతుంది. బస్సులో ఒకరు తువ్వాలు వేసి సీటు ఆపుకొన్నట్లుగా, ఐబుప్రోఫెన్ ముందుగా ఆ చోటు ఆక్రమిస్తే తరువాత వచ్చిన ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. ఆస్పిరిన్ వృథాగా శరీరం నుంచి వెళ్లిపోతుంది. కొద్ది గంటలలో ఐబుప్రోఫెన్ కూడా దిగిపోతుంది. ఇక ప్లేట్‌లెట్లకు అడ్డు ఏమీ ఉండదు. రోగి మాత్రం గుండె మాత్ర వేసుకొన్నాననే ధైర్యంతో ఉంటాడు.

ఈ సంగతి 2001లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ప్రచురితమైన పరిశోధనతో స్పష్టమైంది. 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై సూచన వెలువరించింది. దాని సారం ఇది: పై పూత లేని మామూలు ఆస్పిరిన్ వాడేవారు 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ వేసుకోవలసివస్తే, ఆస్పిరిన్ వేసుకొన్న తరువాత కనీసం అరగంట ఆగాలి. ఐబుప్రోఫెన్ ముందుగా వేసుకొని ఉంటే, ఎనిమిది గంటలు దాటిన తరువాతనే ఆస్పిరిన్ వేసుకోవాలి.

అయితే కడుపులో కరగకుండా పేగులలో కరిగే పూత ఉన్న ఆస్పిరిన్‌కు ఈ అరగంట లెక్క వర్తించదు. అది నెమ్మదిగా కరుగుతుంది. మన దేశంలో గుండెకు ఇచ్చే ఆస్పిరిన్ మాత్రలు చాలావరకు పూత ఉన్నవే. కనుక మన గ్రామాలలో ‘అరగంట ఆగితే చాలు’ అనే సూత్రాన్ని నమ్ముకోరాదు. అప్పుడెప్పుడో ఒకసారి వేసుకొన్న ఒక్క ఐబుప్రోఫెన్ మాత్రతో ఆస్పిరిన్ రక్షణ అంతగా చెడదు. వారాల తరబడి రోజూ వాడటమే ప్రమాదం.

రెండవ ప్రమాదం: లోపల రక్తం కారడం

కడుపులోని ఆమ్లం కడుపునే కాల్చివేయకుండా ఒక జిగురు పొర కాపాడుతుంది. ఆ పొర నిలవడానికి ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. నొప్పి మాత్ర వాటి తయారీని ఆపడంతో పొర పలుచబడి పుండు పడుతుంది. పుండు నుంచి రక్తం కారినప్పుడు గడ్డకట్టి ఆగవలసి ఉండగా, గుండె మాత్ర ఆ గడ్డను నిరోధిస్తుంది. ఒక మాత్ర గాయం చేస్తే, మరొక మాత్ర ఆ గాయాన్ని మూసుకోనివ్వదు.

ఈ ప్రమాదం ఐబుప్రోఫెన్‌కే పరిమితం కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ అన్నిటికీ వర్తిస్తుంది. సూది ద్వారా ఎక్కించినా తప్పదు. మందు రక్తంలో చేరి కడుపు పొరపై పనిచేస్తుంది గనుక నోటి ద్వారా వెళ్లలేదన్న కారణంతో కడుపుకు రక్షణ లభించదు. 65 ఏళ్లు దాటినవారికి, ఇంతకుముందు కడుపులో పుండు పడినవారికి, మద్యం తాగేవారికి, రెండు రకాల గుండె మాత్రలు ఒకేసారి వాడేవారికి ప్రమాదం మరింత ఎక్కువ.

గుండెపోటు వచ్చి కోలుకొన్న దాదాపు 62 వేలమంది వివరాలను డెన్మార్క్ దేశంలో పరిశీలించి 2015లో ప్రకటించారు. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలతోపాటు ఈ నొప్పి మాత్రలు కూడా వాడినవారిలో రక్తస్రావ ప్రమాదం సుమారు రెండింతలు ఉన్నట్లు తేలింది. మరల గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే అవకాశం కూడా సుమారు 40 శాతం అధికంగా కనిపించింది. మూడు రోజుల లోపు వాడకంలో కూడా రక్తస్రావ ప్రమాదం పెరిగింది. ‘రెండు రోజులే కదా’ అనే మాట ఎంతవరకు సరైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మూడవ ప్రమాదం: గుండెపై, మూత్రపిండాలపై భారం

వాపు తగ్గించే మాత్రలు శరీరంలో ఉప్పును, నీటిని నిలువ చేస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి కాళ్ల వాపు, ఆయాసం రావచ్చు. రక్తపోటు మాత్ర, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వాడుతున్నవారు వీటిని కూడా చేర్చితే మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉన్నది. వేసవిలో చెమటతోను, వాంతులు విరేచనాలతోను శరీరంలో నీరు తగ్గినప్పుడు ఇది ఇంకా ప్రమాదకరం.

కొన్ని మాత్రలు స్వయంగా గుండెపోటు అవకాశాన్ని పెంచుతాయి. కడుపుకు హాని తక్కువని పేరు పొందిన రోఫెకాక్సిబ్ అనే మందును గుండెపోటు, పక్షవాతం అధికమవుతున్నాయని తేలడంతో తయారీదారు 2004 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకొన్నది. అదే సంవత్సరం మన దేశం కూడా దానిని నిషేధించింది. 2013లో ఐరోపా ఔషధ సంస్థ గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారు డైక్లోఫెనాక్ వాడరాదని సూచించింది. ఈ కుటుంబపు మాత్రలతో ప్రమాదం మొదటి వారాలలోనే కలుగవచ్చునని 2015లో అమెరికా సంస్థ హెచ్చరికను కఠినం చేసింది. డైక్లోఫెనాక్ ఆస్పిరిన్ పనికి ఐబుప్రోఫెన్‌వలె అడ్డుపడదన్న మాట నిజమే గాని, ఆ కారణంగా దానిని సురక్షితమని భావించరాదు.

అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారికి ప్రత్యేక సూచనలు

ఈ మందులు వాడేవారు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించుకొంటూ ఉండాలి. మందు వాడనివారికి ఈ అంకె సుమారు 1 ఉంటుంది. మందు వాడే చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలని వైద్యులు చూస్తారు. కొన్ని కృత్రిమ కవాటాలకు అంతకంటె కొంచెం ఎక్కువ అవసరం. అంకె తగ్గితే కవాటంపై గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఈ ఇరుకు దారిలో నడిచేవారు మరింత జాగ్రత్త వహించాలి.

వీరు పారాసెటమాల్‌ను కూడా లెక్క చూసి వాడాలి. ఒకటి రెండు మాత్రలతో ఇబ్బంది లేదు. రోజుకు 2 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, వరుసగా కొద్దిరోజులు వాడితే ఐ.ఎన్.ఆర్. పెరగవచ్చు. అటువంటప్పుడు వైద్యునికి తెలిపి పరీక్ష ముందుగా చేయించుకోవాలి.

కండలోకి ఇచ్చే నొప్పి సూది వీరికి తగదు. సూది పొడిచినచోట లోపల రక్తం కారి పెద్ద గడ్డగా ఉబ్బుతుంది. ఊరి ఆర్.ఎం.పి. వద్దకు వెళ్లినప్పుడు ‘సూది వద్దు, నేను రక్తం పలుచబడే మాత్ర వాడుతున్నాను’ అని ముందుగా చెప్పడం అత్యవసరం. ఘాటైన వాసనతో ఉండే కొన్ని పూతమందులలో మిథైల్ శాలిసిలేట్ ఉంటుంది. ఒళ్లంతా, రోజుకు పలుమార్లు రుద్దితే అది చర్మం గుండా చేరి ఐ.ఎన్.ఆర్. పెంచిన సందర్భాలు ఉన్నాయి. పాలకూర, తోటకూర, మునగాకు మానవలసిన పని లేదు. వారం వారం ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం.

మరి నొప్పి వస్తే ఏమి చేయాలి?

నొప్పిని భరిస్తూ కూర్చోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. క్రమం మాత్రం పాటించాలి.

మొదట మందు లేని మార్గాలు. వేడినీటి కాపడం, కొత్త బెణుకైతే చల్లని కాపడం, మోకాళ్లకు వైద్యుడు నేర్పిన వ్యాయామం, బరువు తగ్గడం, బాసంపట్లు వేయకుండా కుర్చీపై కూర్చోవడం. మోకాలి నొప్పిలో వీటి ఫలితం చిన్నది కాదు.

రెండవది పారాసెటమాల్. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అవసరమైతే ఆరు గంటల వ్యవధితో మరొకటి. ఆరోగ్యవంతుడైన పెద్దవారికి 24 గంటలలో 4 గ్రాములు దాటరాదన్నది గరిష్ఠ పరిమితి. వృద్ధులు, బక్కపలుచనివారు, మద్యం అలవాటు ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు అంతకంటె బాగా తక్కువ వాడాలి. జలుబు మాత్రలలో కూడా పారాసెటమాల్ ఉంటుందని మరువరాదు.

మూడవది ఒకచోట మాత్రమే నొప్పి ఉన్నప్పుడు పైపూత. డైక్లోఫెనాక్ జెల్ రాసినప్పుడు రక్తంలో చేరే మందు, మాత్రతో పోలిస్తే చాలా స్వల్పం. అయినా వైద్యునికి తెలిపి వాడటం మంచిది.

వీటితో తగ్గకపోతే వైద్యుని వద్దకు వెళ్లాలి. కొందరికి వాపు తగ్గించే మాత్ర నిజంగా అవసరం కావచ్చు. అప్పుడు ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎన్ని రోజులు, కడుపుకు తోడు మందు ఏది అన్నది ఆయన నిర్ణయిస్తాడు. గ్యాస్ మాత్ర విషయంలో కూడా ఒక హెచ్చరిక ఉన్నది. ఒమెప్రజోల్ వలన క్లోపిడోగ్రెల్ ప్రభావం తగ్గుతుందని 2009లో అమెరికా సంస్థ హెచ్చరించింది. క్లోపిడోగ్రెల్ వాడేవారికి వైద్యులు తరచుగా పాంటోప్రజోల్ వంటివి ఎంచుకొంటారు. కాబట్టి గ్యాస్ మాత్రను కూడా చీటీలో ఉన్న పేరుతోనే కొనాలి.

విషజ్వరాల కాలంలో ఇంకొక జాగ్రత్త. 2005-06లో చికున్‌గున్యా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, ఒడిశా గ్రామాలను చుట్టుముట్టినప్పుడు చాలామందికి కీళ్లనొప్పులు నెలల తరబడి నిలిచాయి. అటువంటి దీర్ఘ నొప్పులకే జనం నొప్పి మాత్రలకు అలవాటుపడతారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి గనుక ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఎవరికీ పనికిరావు. గుండె మాత్ర వాడేవారికి డెంగీ అనుమానం కలిగితే అదేరోజు ఆసుపత్రికి వెళ్లి, మాత్ర కొనసాగించాలో ఆపాలో వైద్యునిచేతనే చెప్పించుకోవాలి.

పేరులేని పొట్లాలలో అమ్మే నొప్పుల పొడులను నమ్మరాదు. వాటిలో కొన్నింటిలో నొప్పి మందు, స్టెరాయిడ్ కలిపినట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

సరిహద్దు గ్రామాలవారికి

మాత్రల షీటుపై కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది. బెంగళూరులో రాసిన కంపెనీ పేరు మీ ఊరి దుకాణంలో దొరకకపోవచ్చు. జన ఔషధి దుకాణాలలో అసలు పేరుతోనే ఇస్తారు. కనుక అసలు పేరును నేర్చుకోవాలి. ఇంట్లో ఏడవ, ఎనిమిదవ తరగతి చదివే పిల్లవానిచేత షీటు చదివించి, ఆ పేరును తెలుగు లిపిలో ఒక అట్టముక్కపై రాయించండి. మందు పేరు, మోతాదు, వేసుకొనే వేళ, ఎందుకు వాడుతున్నారో, స్టెంటు లేదా కవాటం అమర్చిన తేదీ, ఇంటివారి ఫోను నంబరు అందులో ఉండాలి. అవ్వాతాతలు ఎక్కడికి వెళ్లినా ఆ అట్ట సంచిలో ఉండాలి. షీటును కత్తిరించేటప్పుడు పేరు ఉన్న భాగాన్ని చివరిదాకా ఉంచుకోవాలి. షీటుపై ఎర్రని నిలువు గీత ఉంటే, ఆ మందు వైద్యుని చీటీ లేకుండా కొనరాదని అర్థం.

భాష రాని చోట నోటమాట కూడా సిద్ధంగా ఉండాలి. ‘నేను రక్తం పలుచబడే మాత్ర వాడుతున్నాను’ అనే వాక్యాన్ని పొరుగు భాషలలో ఇలా చెప్పవచ్చు.

కన్నడంలో: నాను రక్త తెళు మాడువ మాత్రె తగొళ్తిద్దీని.
తమిళంలో: నాన్ రత్తం ఉఱైయామల్ ఇరుక్క మాత్తిరై శాప్పిడుగిఱేన్.
మరాఠీలో: మీ రక్త పాతళ కరణ్యాచీ గోళీ ఘేతో. స్త్రీలైతే చివర ‘ఘేతే’ అనాలి.
ఒడియాలో: ముఁ రక్త పతళా కరిబా ఔషధ ఖాఉఛి.

ఈ ఒక్క వాక్యం వినగానే దుకాణదారుడు గాని, వైద్యుడు గాని ఇచ్చే మందును మరొకసారి చూసుకొంటాడు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు

మలం తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో రావడం. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది, కాని తారువలె జిగట ఉండదు. అనుమానం ఉంటే పరీక్ష చేయించాలి.
రక్తం వాంతి కావడం, లేదా వాంతి కాఫీపొడి రంగులో ఉండటం.
మూత్రం ఎర్రగా రావడం. ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి కారే రక్తం పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టినా ఆగకపోవడం.
కారణం లేకుండా ఒంటిపై పెద్ద నీలి మచ్చలు ఏర్పడటం.
తలకు దెబ్బ తగలడం. పైకి గాయం లేకపోయినా ఈ మాత్రలు వాడేవారిని తప్పక చూపించాలి.
హఠాత్తుగా భరించలేని తలనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం.
ఛాతీ నొప్పి, చల్లని చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం.

ఇటువంటప్పుడు 108కి ఫోను చేయాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ, నొప్పికి వేసుకొన్న మాత్ర షీటుతో సహా, వెంట తీసుకువెళ్లాలి. నొప్పి మాత్ర సంగతి దాచవద్దు. చికిత్స దానిపై ఆధారపడి ఉంటుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో మంట లేకపోతే ప్రమాదం లేనట్లేనా?
కాదు. ముఖ్యంగా వృద్ధులలో మంట, నొప్పి లేకుండానే కడుపులో రక్తం కారవచ్చు. నల్లని మలం, నీరసం, ఆయాసం మొదటి లక్షణాలు కావచ్చు.

నొప్పి మాత్ర వేసుకొన్న రోజు గుండె మాత్ర మానేస్తే సరిపోతుందా?
ఎంతమాత్రం మానరాదు. స్టెంటు వేసిన తొలి నెలలలో మాత్రలు మానివేస్తే స్టెంటులో గడ్డకట్టి ప్రాణాపాయం కలుగవచ్చు. రెండింటిలో ఒకటి మానవలసి వస్తే మానవలసినది నొప్పి మాత్రనే. గుండె మాత్రను రాసిన వైద్యుడు తప్ప మరెవరూ ఆపరాదు.

తెలియక ఇప్పటికే రెండూ వేసుకొన్నాము. ఏమి చేయాలి?
కంగారు పడనవసరం లేదు. నొప్పి మాత్రను మరల వేసుకోకండి. గుండె మాత్రను యథావిధిగా కొనసాగించండి. పైన చెప్పిన లక్షణాలను గమనిస్తూ ఉండండి. వైద్యునికి ఫోనులోనైనా తెలపండి. చాలాకాలంగా రెండూ కలిపి వాడుతున్నవారు, బాధ లేకపోయినా ఒకసారి వైద్యుని కలిసి రక్తశాతం, మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి.

పన్ను తీయించుకోవాలంటే ఆస్పిరిన్ ఆపాలా?
సాధారణంగా ఆపకుండానే తీస్తారు. దంతవైద్యునికి ముందుగా చెప్పాలి. పన్ను తీసిన తరువాత ఇచ్చే నొప్పి మాత్ర ఏ కుటుంబానిదో అడిగి తెలుసుకోవాలి.

గుండె జబ్బు లేదు. ముందు జాగ్రత్తగా ఆస్పిరిన్ వేసుకోవచ్చా?
పక్కింటివారు వేసుకొంటున్నారని మొదలుపెట్టరాదు. 60 ఏళ్లు దాటినవారు గుండె జబ్బు లేకుండా నివారణ కోసం కొత్తగా ఆస్పిరిన్ ప్రారంభించడం తగదని అమెరికా నిపుణుల బృందం 2022లో సూచించింది. వీరిలో రక్తస్రావ నష్టం మేలుకంటె ఎక్కువగా ఉండవచ్చు. ఇప్పటికే వైద్యుని సలహాపై వాడుతున్నవారు మాత్రం తమంతట తాము ఆపరాదు.

చివరగా ఇంటివారికి ఒక మనవి. ఈ వారం ఒకరోజు ఇంట్లోని మాత్రలన్నిటినీ ఒక పళ్లెంలో పోసి, షీట్లపై ఉన్న అసలు పేర్లను చదవండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అసెనోకుమరాల్, వార్ఫరిన్ వంటి పేరు ఒకటి కనిపించి, పక్కనే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి పేరు మరొకటి కనిపిస్తే, ఆ రెండవదాన్ని పక్కకు తీసిపెట్టండి. తరువాతి సారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఆ షీటును చూపించి, అది అవసరమా అని అడగండి.